పారువేట: కదలలేనివారి ముంగిటికి కదలివచ్చే పండుగ



సంక్రాంతి ముగ్గులు వాకిళ్లలో ఇంకా చెరగకముందే, కనుమనాడు అహోబిలంలో ఒక పల్లకి లేస్తుంది. అది మళ్లీ గుడి చేరేది నలభై రోజులు దాటిన తర్వాతనే. ఈ నడుమ ఆళ్లగడ్డ చుట్టుపట్ల ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. దీనినే అహోబిలేశుని పారువేట అంటారు. ఈ ఉత్సవాన్ని గురించి భక్తితో వ్రాసినవారు చాలామంది ఉన్నారు. నేను ఈ టపాలో దానిని వేరొక వైపు నుండి చూడదలచుకున్నాను. ముసలితనంలో కాళ్లు సహకరించని మనిషికి నలుగురితో సంబంధం ఎలా నిలుస్తుంది? ఆ సంబంధం తెగితే ఆ మనసు ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు మా సీమ ఏనాడో చెప్పిన జవాబొకటి ఈ పల్లకిలో ఉన్నదని నా నమ్మకం.

ఈ మాట ఇప్పుడే వ్రాయడానికి కారణం ఉన్నది. ముప్పై యేండ్లకు పైగా నిలబడి తెలుగు పాఠాలు చెప్పిన కాళ్లు నావి. రెండేండ్లుగా నంద్యాలలో మా ఇంటి నాలుగు మెట్లు దిగడానికే గోడ పట్టుకోవలసి వస్తున్నది. మోకాళ్లు మొరాయించిన తర్వాత గాని, మా అమ్మ తన చివరి యేండ్లలో నాతో అన్న ఒక మాట నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆ మాట దగ్గరకు వచ్చే ముందు కొంత చరిత్ర చెప్పుకోవాలి.

పారువేట అన్న పేరు అహోబిలం ఒక్కదానికే చెందినది కాదు. తిరుమలలోనూ కనుమనాడు పారువేట జరుగుతుంది. స్వామి వేటకు వెళ్లడం, మృగయావినోదం ముగించుకొని ఆలయానికి మరలి రావడం తిరుమల వంటి చోట్ల ఒక్కనాటి వేడుక. అహోబిలంలో మాత్రం అది నెలకు పైగా సాగే గ్రామయాత్ర. ఎగువ అహోబిలపు జ్వాలా నరసింహస్వామి, దిగువ అహోబిలపు ప్రహ్లాదవరదస్వామి ఉత్సవమూర్తులు ఒకే పల్లకిలో బయలుదేరుతారు. బయలుదేరేటప్పుడు చెంచులు పల్లకి వైపు బాణాలు సంధిస్తారు. చెంచులక్ష్మిని పెండ్లాడిన స్వామి వారికి అల్లుడు గదా, ఆ చనువు వారికి ఉన్నది. ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలలో జరిగే తన పెండ్లికి రండని స్వామి తానే స్వయంగా ఊరూరా తిరిగి పిలుస్తాడని జనుల విశ్వాసం. అహోబిల మఠపు తొలి పీఠాధిపతి ఆదివణ్ శఠకోప యతీంద్రులు ఈ యాత్రను ఏర్పరచారని సంప్రదాయం చెబుతున్నది. ఆ మఠం 1398లో వెలసినదంటారు. ఆ లెక్కన ఇది ఆరువందల యేండ్ల నాటి ఆచారం.

అహోబిలం నల్లమలలో ఉన్నది. ఆళ్లగడ్డ నుండి సుమారు పాతిక కిలోమీటర్లు. నవనారసింహులలో కొందరిని చూడాలంటే రాళ్లమీద, వాగుల వెంబడి నడవక తప్పదు. జ్వాలా నరసింహుని గుహ చేరాలంటే గట్టి కాళ్లే కావాలి, లేదా డోలీ మోసేవారి భుజాలు కావాలి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రల కాలంలో, 1515 చివర, ఈ క్షేత్రానికి వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించినట్లు శాసనం ఉన్నది. రాయలకు గుర్రాలున్నాయి, ఏనుగులున్నాయి, మోసే బోయీలున్నారు. కాని కొండకింది పల్లెలో కుక్కిమంచం పట్టిన ముసలమ్మకు ఏమున్నది? ఆమె స్వామిని చూడాలంటే స్వామియే రావాలి. రాజు కొండకు వచ్చినది ఒకనాడు. ముసలమ్మ దగ్గరకు కొండ ఏటేటా వస్తున్నది. శాసనానికెక్కినది మొదటిది, జనం గుండెలో నిలిచినది రెండవది.

మన పిల్లలకు మాతాపితృసేవ అనగానే శ్రవణకుమారుని కథ చెబుతాం. గుడ్డివారైన తల్లిదండ్రులను కావడిలో కూర్చుండబెట్టుకొని తీర్థాలకు మోసుకుపోయిన కొడుకు అతడు. ఆ కథను నేనూ ఎన్ని తరగతులలో చెప్పానో లెక్కలేదు. కాని ఆ ధర్మమంతా ఒక్క కొడుకు భుజాలమీద నిలిచినది. ఆ కొడుకు బాణం తగిలి పడిపోగానే తల్లిదండ్రులకు దిక్కు లేకుండా పోయినది. కొడుకు లేనివారి సంగతేమిటి? కొడుకు దూరదేశం పోయినవారి సంగతేమిటి? పారువేట ఆ కథను తిరగవేసినది. ముసలివారిని దేవుని దగ్గరకు మోయడానికి బదులు దేవుణ్ణే ముసలివారి దగ్గరకు మోయించినది. ఆ బరువు ఒక్క కొడుకుది కాదు, ఊళ్లకు ఊళ్లది. బోయీలు మారుతుంటారు, తరాలు మారుతుంటాయి, పల్లకి మాత్రం సాగుతూనే ఉంటుంది.

ఇక మా అమ్మ సంగతి. ఆళ్లగడ్డకు సమీపంలో పారువేట పల్లకి వచ్చే ఊళ్లలో మాది ఒకటి. తుంటి ఎముక విరిగిన తర్వాత మా అమ్మ ఏడేండ్లు మంచం దాటి నడవలేదు. మా తమ్ముడు, మరదలు ఆమెను చూసుకునేవారు. నేను నంద్యాల నుండి నెలకొకసారి వెళ్లేవాణ్ణి. మందులు, బత్తాయిలు, పొట్టు తీసిన పప్పుతో చేసిన మెత్తని మిఠాయి పట్టుకొని పోయేవాణ్ణి. మంచం పక్కన కూర్చొని, "మందులు వేసుకుంటున్నావా, నిద్ర పడుతున్నదా" అని అడిగి, గడియారం చూసుకొని మధ్యాహ్నపు బస్సుకు లేచేవాణ్ణి. కర్తవ్యం నెరవేర్చానన్న తృప్తితోనే తిరిగి వచ్చేవాణ్ణని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉన్నది.

పారువేట నాడు మాత్రం ఆ ఇంట వేరొక అమ్మ కనిపించేది. వారం ముందునుండే ఆమె మంచంమీద నుండి ఇల్లంతా నడిపించేది. గోడలకు సున్నం వేయించారా, బియ్యం ఏరారా, ఆడబిడ్డకు కబురు పోయిందా, పెట్టెలోని ఆకుపచ్చ అంచు చీర తీశారా అని ఒకటే హడావుడి. మా ఊళ్లో స్వామి వచ్చిన రోజే అసలు పెద్దపండుగ. అత్తవారిళ్లనుండి ఆడపిల్లలు వస్తారు, బెంగుళూరులో పనులకు పోయినవారు వస్తారు. పల్లకి దించే అరుగును మావైపు "తెలుపు" అంటారు. డప్పుల మోత ఊరి పొలిమేరలో వినబడగానే మేమిద్దరం అన్నదమ్ములం అమ్మ మంచాన్ని చెరొకవైపు ఎత్తి వాకిట్లోకి తెచ్చేవాళ్లం. వచ్చినవారంతా ఆ మంచం దగ్గర ఆగేవారు. చిన్నపిల్లలు కాళ్లకు మొక్కేవారు. దిండుకింద దాచిన పది రూపాయల నోట్లు ఆమె ఒక్కొక్కటే తీసి పంచేది. ఎవరి కూతురు ఎవరికి ఇచ్చారు, ఏ యేటి పారువేటకు వాన వచ్చి పల్లకి నిలిచిపోయింది, ఎవరి తాత ఎన్నాళ్లు పల్లకి మోశాడు, అన్నీ ఆమె నోట వినవలసినదే. ఆ పూట ఆమె రోగి కాదు, ఊరికి ఒక గ్రంథాలయం.

ఒక యేడు పారువేట మరునాడు పొద్దున్నే నేను సంచి సర్దుకుంటున్నాను. బడికి సెలవు పెట్టలేదు. అమ్మ నావైపు చూసి, కోపం లేకుండానే అన్నది: "దేవుడన్నా మనూళ్లో ఒక రేత్రి నిల్చి పోతాడే నాయనా. నువ్వు వచ్చినప్పుడల్లా గడియన్నా నిలవవు గదా."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఇన్నేండ్ల తర్వాత నన్ను గుచ్చుతున్నది.

ఆమె మాటలో ఉన్న సూక్ష్మం ఇదని ఇప్పుడు అనుకుంటున్నాను. నేను ఆమె దగ్గరకు ఇచ్చేవాడిగా వెళ్లాను, ఆమెను పుచ్చుకునేదానిగా చేశాను. స్వామి ఆమె దగ్గరకు అతిథిగా వచ్చాడు, ఆమెను గృహిణిగా నిలబెట్టాడు. పైగా ఊరకే రాలేదు, "నా పెండ్లికి రా" అని పిలవడానికి వచ్చాడు. రాలేనిదని తెలిసి కూడా పిలిచాడు. మంచాన ఉన్న మనిషికి మందు ఇచ్చేవారు దొరుకుతారు. పెండ్లికి పిలిచేవారే దొరకరు. "ఆమె ఎలాగూ రాలేదు గదా" అని శుభలేఖ కూడా ఇవ్వడం మానేస్తాం. అక్కడే ఆ మనిషి లెక్కలోనుండి జారిపోతుంది.

మహాభారతం ఆశ్రమవాస పర్వం చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. యుద్ధం తర్వాత కన్నులు లేని ధృతరాష్ట్రుడు పదిహేనేండ్లు ధర్మరాజు నీడలోనే బ్రదికినాడు. అన్నానికి లోటు లేదు, పరిచారకులకు లోటు లేదు. ధర్మరాజు ప్రతి పనికి ఆయన అనుమతి అడిగేవాడు. అడగడమే ఆ ముసలిరాజుకు ఊపిరి. కాని భీముడు ఆయన చెవిన పడేటట్లు భుజాలు చరచి, నీ కొడుకులను చంపిన చేతులు ఇవేనని పలికినాడు. ఆ మాటతో రాజభవనం ఆయనకు అడవి కంటె దుర్భరమైనది. కట్టెలవంటి కాళ్లతో, గాంధారి భుజం ఆసరాగా అడవికి పోయినాడు. శరీరానికి కావలసినవన్నీ సమకూరినా, మర్యాద పోయిన చోట ముసలితనం నిలువలేదని వ్యాసునికి తెలుసు, తిక్కనకూ తెలుసు.

ఇక్కడ ఇంటి కట్టడాన్ని గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పాత మిద్దెలకు వాకిలికి ఇరువైపులా అరుగులుండేవి. బేతంచెర్ల నాపరాళ్లు పరచిన చల్లని అరుగులవి. నడవలేని ముసలాయన పొద్దున ఆ అరుగెక్కి కూర్చుంటే, నడక లేకుండానే ఊరంతా తిరిగివచ్చినట్లే. పాలు పోసే మనిషి, బడికి పోయే పిల్లలు, సంతకు పోయే బండ్లు, పోస్టుమాను, అందరూ ఆయన ముందునుండే పోవాలి. "ఏం తాతా, తిన్నావా" అని ఒకరు, "వాన పడుతుందంటావా" అని ఒకరు. ఇంటి అరుగు ఆయన కాళ్లకు బదులుగా పనిచేసినది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన పల్లెలో సాయంకాలం ఇటువంటి అరుగుల మీదనే కూర్చొని ముసలివారికి ఇన్‌లాండు ఉత్తరాలు వ్రాసిపెట్టేవాణ్ణి. "క్షేమం" అన్న మాట తర్వాత వారు చెప్పవలసినదంతా ఉండేది. అది అరపేజీలో పట్టేది కాదు.

తర్వాత వీధులు సిమెంటువైనాయి, ప్రతిసారీ కొంచెం ఎత్తైనాయి, అరుగులు కుంగినట్లు కనబడి చివరకు పోయినాయి. వాకిళ్లకు ఇనుప గేట్లు వచ్చినాయి. ముసలివారి మంచం వీధి గదినుండి వెనుక గదికి మారినది. వెనుక గదిలో ఫ్యాను ఉన్నది, టీవీ ఉన్నది, పక్కనే స్నానాల గది ఉన్నది. లేనిది వీధి ఒక్కటే. ఎవరూ ద్వేషంతో చేసిన మార్పు కాదిది, సౌకర్యం కోసమే చేసినది. కాని ఒక తరపు మనుషులను నలుగురి చూపునుండి తప్పించినది.

పూర్వమంతా బంగారు కాలమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అలా చెబితే మా అమ్మయే ఒప్పుకోదు. ఆమె అత్తగారు, అంటే మా నాయనమ్మ, మంచం పట్టిన యేండ్లలో ఆ మలమూత్రాలు ఎత్తినది మా అమ్మ. ఆమెకు అలసట ఉంటుందని, ఆమెను కూడా ఒకరు పలకరించాలని ఆ ఉమ్మడి కుటుంబంలో ఎవరికీ తట్టలేదు. పెద్దల గౌరవం అని మనం పాడుకునే పాట వెనుక కోడళ్ల చేతులున్నాయి. పారువేట నాడు మంచం మోసినది మేమే గాని, మిగిలిన దినాలలో ఆ మంచం మోసినది మా మరదలు. చరిత్ర వ్రాసేవాడు ఈ చేతులను విడిచిపెట్టరాదు.

ఇప్పుడు కొత్త పల్లకులు వచ్చినాయి. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జాతీయ వృద్ధాప్య పింఛను పథకాన్ని ప్రారంభించినప్పుడు కేంద్రం ఇచ్చినది నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 2014లో 1,000 రూపాయలై, 2024 జూలైలో 4,000 రూపాయలైనది. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైపోయిన కొందరికి ఆ యేడే 15,000 రూపాయలు చేశారు. 2020 ఫిబ్రవరి నుండి ఈ సొమ్మును ఒకటో తేదీన ఇంటివద్దనే ఇవ్వసాగారు. 2024 ఎన్నికల వేళ ఆ పంపిణీకి అంతరాయం కలిగి, ఎందరో వృద్ధులు మండుటెండలలో సచివాలయాల చుట్టూ, బ్యాంకుల చుట్టూ తిరగవలసి వచ్చినప్పుడు, గడప దాటడమంటే ఏమిటో గడప దాటగలిగినవారందరికీ తెలిసివచ్చినది. ఆ జూలైలో పింఛను మళ్లీ ఇంటికి వచ్చినది.

మా వీధిలో ఒక వృద్ధురాలున్నది. కీళ్లవాతంతో చేతివేళ్లు కూడా వంకరపోయినాయి. ఒకటో తేదీ వస్తే ఆమె తెల్లవారకముందే తల దువ్వించుకొని కుర్చీలో కూర్చుంటుంది. పింఛను తెచ్చే అమ్మాయికి ఇంకా పాతిక ఇండ్లు తిరగవలసి ఉంటుంది. అయినా ఈమె, "కూచోమ్మా, మజ్జిగ తాగి పో" అంటుంది. ఆ పిల్ల వేలిముద్ర వేయించుకొని, నిలబడే రెండు గుక్కలు తాగి పోతుంది. వంకరవేళ్లతో గ్లాసు అందించడంలో ఆమెకు కలిగే ఆనందం ఆ నాలుగు వేలు లెక్కపెట్టడంలో ఉన్నట్లు నాకు తోచలేదు. మా అమ్మ దిండుకింది పది రూపాయల నోట్లు నాకు వెంటనే గుర్తుకు వచ్చినాయి.

చట్టాలూ వచ్చినాయి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చినది. బిడ్డలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకొని, నెలకు 10,000 రూపాయలకు మించకుండా పోషణ ఖర్చు రాబట్టుకోవచ్చును. మంచిదే. కాని ఏ ట్రిబ్యునల్ కూడా, "వారానికొకసారి తల్లి పక్కన కూర్చొని పాత సంగతులు అడుగుము" అని ఉత్తరువు ఇచ్చినట్లు నేను వినలేదు. బ్రిటన్ దేశం 2018 జనవరిలో ఒంటరితనాన్ని గురించి చూడడానికి ఒక మంత్రినే నియమించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో వెలువరించిన నివేదిక, లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దానితో ముడిపడిన మరణాలు యేటా 8,71,000 ఉంటాయని అంచనా వేసినది. ఒంటరితనం మనసును క్రుంగదీయడంతో ఆగదు, గుండెజబ్బు, పక్షవాతం, మతిమరపు వంటివాటికీ దోహదం చేస్తుందట. వేల మైళ్ల అవతల లెక్కలతో తేలిన ఈ సత్యాన్ని నల్లమల అంచున ఉన్న పల్లెలు లెక్కలు లేకుండానే ఆచారంగా పెట్టుకున్నాయి. ఏడాదికొక్కసారే కావచ్చు. కాని ఆ ఒక్కసారి తప్పక వస్తుందన్న ఎదురుచూపు మిగిలిన దినాలను మోస్తుంది.

మా అమ్మ పోయి చాలాయేండ్లైనది. ఆమెకు బాకీపడిన రాత్రిని ఇక తీర్చలేను. అందుచేత ఈ మధ్య ఒక చిన్న పని మొదలుపెట్టాను. నాతో కలిసి పనిచేసి విశ్రాంతి పొందిన మిత్రుడొకాయన నంద్యాలలోనే ఉన్నారు. పక్షవాతంతో కుడివైపు చచ్చుబడినది, మాట కొంచెం తడబడుతుంది. మొదట్లో నేను ఆయన దగ్గరకు పండ్లతో పోయేవాణ్ణి. ఆయన ముఖం గోడవైపు తిరిగి ఉండేది. ఒకనాడు పండ్లు మాని, పాత పుస్తకంలో నాకు నిజంగానే అంతుపట్టని ఒక పద్యపు అన్వయం పట్టుకొని పోయాను. ఆయన కాసేపు కండ్లు మూసుకున్నారు. తర్వాత ఎడమచేతితో గాలిలో గురులఘువులు గుర్తిస్తూ, ఒక్కొక్క మాటే కూడగట్టుకొని, గంటసేపు నాకు పాఠం చెప్పారు. నేను పొరబడిన చోట కసిరారు కూడా! లేచేటప్పుడు, "మళ్లీ ఎప్పుడు వస్తావయ్యా? ఆ తర్వాతి పద్యం కూడా చూడాలి" అన్నారు. ఆ ఇంటి మెట్లు ఎక్కడం నా మోకాళ్లకు కష్టమే. అయినా ఇప్పుడు గడియారం చూసుకోవడం మానుకున్నాను.

మంచాన ఉన్నవారి దగ్గరకు ఏమి తీసుకొని పోవాలని మీలో ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇంతే. ఒక సందేహం తీసుకొని పోండి, ఒక పిలుపు తీసుకొని పోండి. వారు రాలేరని తెలిసినా పెండ్లికి పిలవండి. వారిచ్చే మజ్జిగ నిలబడి కాక, కూర్చొని త్రాగండి.

ఈసారి కనుమ తర్వాత మా ఊరి తెలుపు దగ్గర నన్ను కూడా కుర్చీలోనే కూర్చుండబెడతానని మా తమ్ముని కొడుకు అంటున్నాడు. సరే అన్నాను. పల్లకి కదిలిపోయేదాకా ఉంటాను. మీ ఊళ్లలో కూడా దేవుడో మనిషో ఇలా కదలలేనివారి వాకిటికి వచ్చే ఆచారాలుంటే వ్యాఖ్యలలో తెలియజేయగలరు. ఒకచోట వ్రాసిపెట్టుకుందాం.